డబ్బా పట్టుకునే మనిషి

నేను ఇంతకు ముందు ఏదీ రాయలేదండి. నందిగామలో ఐదో తరగతి దాకా చదివా. ఆ తర్వాత రాసిందంటే సరుకుల చీటీలే. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చెమటలు పడతాయి. ఈ సంగతైతే నోటితో చెప్పేది కాదు. అందుకని రాస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది జగ్గయ్యపేట. మా ఆయన యూనస్ సొంత కారు కిరాయికి తిప్పుతాడు. ఆయనకి నేను రెండో భార్యని. మొదటావిడ ఇర్ఫానా నాలుగేళ్ల కింద గుండె ఆగి పోయిందని చెప్పి మా సంబంధం కుదిర్చింది ఆయన అక్క రజియాబీ. ఆ వదిన మాతోనే ఉంటుంది. నాకప్పటికి నలభై ఒకటి. పుట్టింట్లో తమ్ముడి భార్య నా కంచం వంక చూస్తున్న రోజులు. మారుమాట లేకుండా ఒప్పుకున్నా.

కారులో దారి చూపించే జీపీఎస్ డబ్బా ఒకటుంది, అరచేయంత. ఫోనుందిగా అంటారేమో. ఫోను ఆయనకి కిరాయిల కోసం చెవి దగ్గరే ఉండాలి. ఆ డబ్బా ఎక్కడ బిగించాలన్నదే మా ఇంట్లో పెద్ద పంచాయితీ. అద్దానికి అంటిస్తే ఎండకి రబ్బరు వదిలేసి ఊడిపడేది, పైగా రోడ్డు కనపడట్లేదనేవాడు. ఏసీ గాలొచ్చే రెక్కలకి తగిలిస్తే రెక్క విరిగింది. ఆయన ముందే పెడదామంటే మీటర్లు కనపడవు. ఇక మిగిలింది నా సీటు ఎదురుగా నున్నగా ఉన్న చోటు. అక్కడ పెట్టండి, బల్లలా ఉంది అన్నా ఒకసారి. ఆయన నా వంక చూడలేదు. అక్కడొద్దన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు.

చివరికి నన్నే పట్టుకోమన్నాడు. రెండు చేతులతో, గుండెకి ఎదురుగా, తెర ఆయన వైపు తిప్పి. ఎంత ఎత్తులో ఉండాలో నా మోచేతులు పట్టుకుని సరిచేసి మరీ చూపించాడు. ఎటు వెళ్లినా అంతే. డబ్బా కాస్త దిగితే స్క్రూడ్రైవర్ పిడితో నా వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. గట్టిగా కాదు, గుర్తు చేయటానికి. వదిన వెనక కూర్చుని నవ్వేది. బజార్లో స్టాండ్లన్నీ ఊడిపోతున్నాయనీ, ఈ స్టాండుకైతే రెండు పూటలా అన్నం పడేస్తే చాలనీ చుట్టాలందరి దగ్గరా చెప్పేది. వాళ్లూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

నిన్న కంచికచర్లలో నిఖాకి వెళ్లాం, ముగ్గురం. తిరిగొచ్చేటప్పుడు కీసర దగ్గర ఏరు పొంగి రోడ్డెక్కిందని బళ్లు ఆపేశారు. డబ్బాలో వేరే దారి కనపడింది, వీరులపాడు వైపు లోపలి రోడ్లు. అటు తిప్పాడు. పొద్దు గూకి మగ్రిబ్ నమాజు అయి అరగంట కూడా కాలేదు గానీ మబ్బుకి బాగా చీకటి పడిపోయింది.

రెండు పక్కలా పత్తి చేలు. సన్నగా వాన. వైపర్లు కీచుమంటూ తిరుగుతున్నాయి. అద్దం సందులోంచి తడి మట్టి వాసన, చేలల్లో కొట్టిన పురుగుమందు వాసన. కరెంటు పోయినట్టుంది, ఎక్కడా ఒక్క దీపం లేదు. కప్పలు మాత్రం కారు దగ్గరికి రాగానే ఆగిపోయి, దాటాక మళ్లీ మొదలుపెడుతున్నాయి.

ఒక చప్టా మీద నీళ్లు పారుతున్నాయి. లోతు చూసొస్తానని ఆయన దిగి ముందుకి నడిచాడు. వెనక వదిన తల వాల్చేసి ఉంది. నా చేతులు భుజాల దాకా తిమ్మిరెక్కాయి. ఆయన లేడు కదా అని డబ్బాని ఆ నున్నటి చోట ఆనించా.

ఆ నున్నటి చోటు ఒక మూత. అరచేతి కింద అది వెచ్చగా ఉంది. ఒంటి వేడిలా. ఒక వాసన వచ్చింది. పురుగుమందు కాదు... కాలిన టపాకాయ మందు వాసన.

"తియ్" అంది వదిన. నిద్రపోతోందనుకున్నా. "అక్కణ్ణుంచి తియ్, మెహరాజ్."

ఎందుకని అడిగా. చీకట్లో కాబట్టి అడగగలిగా.

ఆవిడా చీకట్లో కాబట్టే చెప్పిందేమో. ఇర్ఫానా గుండె ఆగి పోలేదట. ఈ సీట్లోనే, ఈ డబ్బానే పట్టుకుని కూర్చుందట. ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కుకి ఈయన గుద్దాడు. మెల్లగానే. మిగతా వాళ్లకి గోరంత దెబ్బ లేదు. కానీ ఆ మూత కింద గాలిసంచి ఉంటుందట, కారు గుద్దుకుంటే తుపాకీ పేలినట్టు బయటికి తన్నుకొస్తుందట. అది వచ్చి, ఆమె చేతుల్లో ఉన్న డబ్బాని గొంతులోకి దింపింది.

"డబ్బాకి గీత కూడా పడలేదు" అంది వదిన. "కడిగి పెట్టుకున్నాడు."

మరి నాకెందుకు చెప్పలేదన్నా.

"చెబితే ఎక్కేదానివా?" అని ఆవులించింది. "భయపడకు. ఆ సంచి మళ్లీ వేయించలేదు. లోపల ఖాళీ."

ఖాళీ అంది. నా చేతి కింద మూత మెల్లగా పైకి లేచి, దిగింది... ఊపిరి తీసుకున్నట్టు.

ఆయన వచ్చి కూర్చున్నాడు. పోవచ్చన్నాడు. డబ్బా ఎత్తమన్నాడు. ఎత్తా. కారు నీళ్లలోకి దిగింది.

ముందు తొడల మీద చల్లగా తగిలింది. నీళ్లు లోపలికొచ్చాయేమోనని చూసా. నీళ్లు కాదు. బరువు. కొంచెం కొంచెంగా సర్దుకుంటూ... నా ఒళ్లో ఎవరో కూర్చున్నారు. తడి జుట్టు ముక్కుకి తగిలింది. అదే కాలిన వాసన. నా వీపు సీటులోకి నొక్కుకుపోయింది. అల్లా అనుకున్నా.

చేతులు వదిలేసా.

డబ్బా పడలేదు.

గుండెకి ఎదురుగా, తెర ఆయన వైపు తిరిగి, అలాగే ఉంది. నా చేతులు సీటు పక్కన వేలాడుతున్నాయి. కారు గుంటలో పడి ఊగింది. డబ్బా ఒక బెత్తెడు దిగింది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే స్క్రూడ్రైవర్ తీసి కొట్టాడు. టక్కుమంది. ఎముక మీద పడ్డ చప్పుడే.

నాకు తగల్లేదు.

డబ్బా మళ్లీ పైకి లేచింది.

"ఇవాళ బాగా పట్టుకున్నావే" అన్నాడు.

పోను పోను బరువు పెరిగింది. నందిగామ లైట్లు కనపడేసరికి ఊపిరి సగమే అందుతోంది. అప్పుడు నా చెవి పక్కన, గొంతు సరిగా లేని మనిషి మాట...

"జరుగు."

ఎటు జరగను? వెనక వదిన గురక పెడుతోంది.

ఇంటి ముందు కారు దిగగానే బరువు పోయింది. అంటే అది ఆ సీటులోనే ఉంది, ఆ సీటు కోసమే ఉంది అనుకున్నా. ఇంకొక్కసారి అందులో కూర్చుంటే నేను లేవనని కూడా తెలిసిపోయింది. అన్నం తింటూ ఆయన చెప్పాడు, రేపు పొద్దున్నే వదినని ఖమ్మంలో మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, అడ్రసు కొత్తది, నువ్వూ రావాలి అని. రానంటే కారణం చెప్పాలి. చెబితే ఇద్దరూ నవ్వుతారు. నవ్వి ఎక్కిస్తారు.

తెల్లారుజామున నమాజు మీద కూర్చుని కూడా అదే ఆలోచించా.

పొద్దున అట్లు పోసి, వదినకి ఇష్టమని అల్లం చట్నీ చేసా. బయల్దేరేటప్పుడు నాకు రాత్రి నుంచి వాంతులని, దారిలో కారు పాడవుతుందని చెప్పా. కారు మాట వినగానే ఆయన నన్ను ఉండిపొమ్మన్నాడు. మరి డబ్బా ఎవరు పట్టుకోవాలని విసుక్కున్నాడు.

ముందు సీటు తలుపు నేనే తీసా. వదినని కూర్చోమన్నా, మోకాళ్లు చాపుకోవచ్చన్నా. నా నోట ఇంత పొడుగు మాట ఆవిడెప్పుడూ విని ఉండదు. కదల్లేదు. వెనకే బాగుంటుందంది.

"లోపల ఖాళీయేగా వదినా" అన్నా.

ఆవిడ ఒకడుగు వెనక్కేసింది. కూర్చో అక్కా, టైమవుతోంది అన్నాడు ఆయన. కూర్చుంది. డబ్బా చేతికిచ్చా. మోచేతులు పట్టుకుని గుండెకి ఎదురుగా ఉండేట్టు సరిచేసా. ఇంకొంచెం పైకి అన్నా. తలుపు వేసా.

కారు మలుపు తిరిగాక గుమ్మంలో కూర్చున్నా. పెళ్లయ్యాక అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఒంటిగంటకల్లా వచ్చేస్తామన్నారు. ఇప్పుడు సాయంత్రం అసర్ అజాన్ కూడా అయింది. వాళ్ల ఫోన్లు మోగుతున్నాయి, ఎవరూ ఎత్తట్లేదు. నేను గుమ్మంలోంచి లేవలేదు. లేవలేకపోయా. కూర్చున్న కాసేపటికే తొడల మీద, రాత్రిలాగే, చల్లగా తగిలింది.

చేతికందిన నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని రాద్దామంటే చోటు లేదండి. గచ్చు మీద పెట్టి, పక్కకి వంగి రాస్తున్నా.