ఆ మూడు గంటలు

2081 నాటికి నీటిమీద తేలే ఆ ఊళ్లో ప్రతి వంటగదిలోనూ ఉప్పు డబ్బా పక్కన ఒక నిలుపు పట్టీ ఉండేది. గట్టున పెంచే నీలితీగ ఆకుల నుంచి తీసిన రసాయనాన్ని అందులో నింపేవారు.

పురుషుడి వృషణం గానీ, స్త్రీ అండాశయం గానీ లోపల మెలి తిరిగితే దానికి రక్తం ఆగిపోతుంది. ఆరు గంటలు దాటితే కణాలు చచ్చిపోతాయి. మెలి విప్పాక ఒక్కసారిగా తిరిగొచ్చే రక్తం కూడా మిగిలిన కణాలను దెబ్బతీస్తుంది. పొత్తికడుపు మీద అంటించిన నిలుపు పట్టీ ఈ రెండు దెబ్బల నుంచీ ఇరవై గంటలపాటు కాపాడుతుంది.

పైడిరాజు నొప్పి మొదలైన ఇరవై మూడో గంటకు ఆసుపత్రికి వచ్చాడు.

అతనికి ఇరవై నాలుగేళ్లు. అలల కరెంటు కేంద్రంలో పని. పట్టీలు లేని రోజుల్లో, పదిహేనేళ్లప్పుడు ఒక వృషణం పోయింది. రెండోది మెలి తిరగకుండా కుట్టు వేస్తాం రమ్మంటే సిగ్గుపడి వెళ్లలేదు. ఇప్పుడు మెలి తిరిగింది ఆ మిగిలిన ఒక్కటే. పెళ్లై పదకొండు రోజులు.

పట్టీని కనిపెట్టిన డాక్టర్ సులోచనే ఆపరేషన్ చేసింది. అతనికి మెలకువ వచ్చాక మంచం పక్కకు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే నర్సు తెర లాగి, దుప్పటి ఇంకొంచెం పైకి కప్పి వెళ్లింది.

"పట్టీ సరిగ్గానే వేసుకున్నావు. వెంటనే ఎందుకు రాలేదు?"

"మనుగుడుపులకి అత్తోరింట్లో ఉన్నానండి. పీట మీద కూకోబెట్టి వడ్డిస్తన్నారు. పక్కనే మా మావగారు. నొప్పెక్కడంటే ఏటని సెప్పను?"

"కడుపునొప్పని చెప్పాల్సింది."

"సెప్పానండి. వాము కషాయం ఇచ్చారు."

సులోచనకు నవ్వు రాలేదు. "ఇరవై గంటలని పట్టీ మీదే రాసి ఉంది కదయ్యా."

"అదే కదండీ నా ధైర్యం. ఇంకా టైముందిలే అనుకున్నాను."

వృషణం తీసేయాల్సి వచ్చిందని, మిరపగింజంత కణజాలం మాత్రం బతికి ఉందని, దాన్ని శీతలపేటికలో దాచామని ఆమె చెప్పింది. దానితో పిల్లలు పుట్టవచ్చు, పుట్టకపోవచ్చు.

"నూకాలుకి నానే సెప్తానండి," అన్నాడు పైడిరాజు. నూకాలు అతని భార్య.

తెర అవతల తన బల్ల దగ్గర సులోచన కూలబడింది. "ధాత్రీ, నలభై గంటల రసాయనం ఎప్పటికి తయారవుతుంది?"

"ఆరు నెలల్లో," అంది విశ్లేషక యంత్రం. "కానీ ఉపయోగం లేదు డాక్టరుగారూ. పట్టీ లేనప్పుడు గడువు ఆరు గంటలు, సగటున తొమ్మిదో గంటకి వచ్చేవారు. మీ మొదటి పట్టీకి గడువు పన్నెండు, పదిహేనుకి వచ్చారు. ఇప్పుడు ఇరవై, ఇరవై మూడుకి వస్తున్నారు. గడువంతా సిగ్గు తినేస్తోంది. గడువు దాటాకే భయం మొదలవుతోంది. ఆ భయం సిగ్గుని గెలవడానికి మూడు గంటలు పడుతోంది. వాటిని మందు తగ్గించలేదు."

పదేళ్ల పని. సులోచన ముందున్న ఆకుల సీసాను విసురుగా పక్కకు నెట్టింది.

"అయితే మందు జోలికి వెళ్లకు. అంకె మార్చు. పట్టీ మీద పదహారని రాయి. పంతొమ్మిదికి వస్తారు."

"అది అబద్ధం."

"మా ఇంట్లో గడియారం పది నిమిషాలు ముందుకి పెట్టుకుంటాం. ఇదీ అంతే."

"అది ముందుకి ఉందని మీ ఇంట్లోవాళ్లకి తెలుసా?"

సులోచన బల్ల మీది పట్టీ నమూనా తీసుకుని, ఇరవై కొట్టేసి పదహారు అని రాసింది.

నాలుగో రోజు పైడిరాజును ఇంటికి పంపారు. ఇంట్లోవాళ్ల కోసమని కొత్త పట్టీలు అరడజను ఇచ్చారు. వాటి మీద ఎర్రటి అంకెల్లో పదహారు అని ఉంది. అతను వాటిని కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకున్నాడు. కాసేపటికి పడవ రేవువైపు వెళ్తున్న సులోచనకు, మెట్ల మీద కూర్చుని ఫోన్లో తమ్ముడితో మాట్లాడుతున్న అతని గొంతు వినిపించింది.

"ఒరే అప్పన్నా, పట్టీలు తెస్తన్నాన్రా. పదారని రాసుంటాది, కంగారు పడిపోకు. డాట్రమ్మ సెప్తంటే తెరెనక నుంచి ఇన్నాను. మందు ఇరవై గంటలదే. మనింట్లోవోళ్లకి తప్ప ఇంకెవులికీ సెప్పకు."