తొమ్మిదో టేబుల్ మనిషి

"ఇవాళే నా ఆఖరి రోజు కల్లమ్. వెళ్లేలోపు ఆ తొమ్మిదో టేబుల్ మనిషిని ఒక్కసారి చూడాలి."

గోడలోని లిఫ్టు సందులోంచి మార్నీ గొంతు వినగానే నా చేతిలో గ్లాసు జారింది.

లీడ్స్‌లో మా పాత పబ్ అంతే. పైన మార్నీ వండే వంటగది, కింద నేను చూసుకునే బార్, మధ్యలో ప్లేట్లు దిగే బుల్లి లిఫ్టు. ఆమె పెరటివైపు మెట్లెక్కి వస్తుంది, ఆ మెట్లే దిగి పోతుంది; బార్‌లోకి ఎప్పుడూ రాదు. మూడు నెలలుగా మేం ఆ సందులోంచే దెబ్బలాడుకుంటున్నాం.

"ఆయన వెళ్లిపోయాడు," అన్నాను.

"ఆర్డరొచ్చి రెండు నిమిషాలు కాలేదు! స్టూ తినకుండానే?"

"ఏదో అర్జెంటు పనట..."

"నీకు అబద్ధమాడటం కూడా చేతకాదోయ్. దిగుతున్నా!"

మెట్ల మీద ఆమె అడుగులు వినిపించాయి.

వంటగది తెరిచిన మొదటిరోజు ఎవరూ భోజనం అడగలేదు. పాతవాళ్లకు బీరు, చిప్స్ పొట్లం ఉంటే చాలు. కుండెడు మాంసం స్టూ ముందు కూర్చుని, నాలుగింటికి ఆమె ఏడ్చింది. సందులోంచి వినబడింది. వెంటనే చీటీ రాసి పైకి పంపాను: తొమ్మిదో టేబుల్, ఒక స్టూ.

సెల్లార్‌లో బీరు పీపా మీద కూర్చుని ఒక్కడినే తిన్నాను. ఇప్పుడు ఆదివారాలు కుర్చీ దొరకదు. అయినా నా నాలుగింటి చీటీ మాత్రం ఆగలేదు.

"ఈ ఊళ్లో నాకోసం రోజూ వచ్చేది ఆయనొక్కడే," అని ఒకసారి అంది. ఆ తరవాత నిజం చెప్పే ధైర్యం చాల్లేదు.

మార్నీ వచ్చింది. చేతులకు పిండి, నుదుటిన చెమట. వేలు చూపిస్తూ టేబుళ్లు లెక్కపెట్టింది.

"ఎనిమిదేగా ఉన్నాయి!"

"ముప్పై ఏళ్లుగా ఎనిమిదే అమ్మాయ్," అన్నాడు మూలనున్న ముసలి విల్ఫ్. "తొమ్మిదోది వేయాలంటే బయట వానలో వేయాలి."

ఆమె నావైపు తిరిగింది. "ఎవరు తిన్నారు?"

"నేనే."

"జాలిపడ్డావా?"

"మొదటివారం. ఆ తరవాత ఆకలి."

"ఇంకాస్త మంచి మాట చెప్పవయ్యా!" విల్ఫ్ తల కొట్టుకున్నాడు.

"మరి నాతో ఎందుకనలేదు?" అంది మార్నీ.

"తెలిస్తే దెబ్బలాడటం మానేస్తావని. బీరు అడగడానికి కాకుండా నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే. వెళ్లకు మార్నీ."

ఆమె చేతుల పిండి తువ్వాలుకు తుడుచుకుంది.

"ఇన్నాళ్లు తిన్నావుగా," అంది. "లోపం చెప్పు."

"గురువారాల్లో మిరియాలు ఎక్కువ."

"గురువారాల్లోనా?"

"మీ అమ్మకు ఫోన్ చేసి వచ్చి వండుతావు. ఆరోజు నీ చెయ్యి నిలవదు."

ఆమె కళ్లు నిండాయి. భుజం మీది తువ్వాలు తీసి నా వీపున ఒక్కటి వేసింది.

"రేపు గురువారమే. మిరియాలు వేసే వేళకు పైకొచ్చి, నా చెయ్యి పట్టుకో."