వీధి అవతలి కోర్టు

వెర్నా రైట్జ్‌ను ఒక సందేహం ఇరవై ఏళ్ళుగా వదలలేదు.

వీధికి ఈ పక్క పెన్సిల్వేనియా రాష్ట్ర కోర్టు. ఆ పక్క కేంద్రానికి చెందిన ఫెడరల్ కోర్టు. ఇక్కడ చెల్లని సాక్ష్యం అక్కడ చెల్లుతుంది. దేవుడి ముందు నిజం ఒక్కటే కదా, మరి వీధి దాటితే ఎలా మారుతుంది? కౌంటీ డిటెక్టివ్ ఉద్యోగం జీతమిచ్చింది గానీ జవాబివ్వలేదు.

ఆ మంగళవారం ఒక బంగారు జేబు గడియారం పోయింది.

ఆర్ఫా లాండిస్ ముసలావిడ. చనిపోయిన భర్త గడియారాన్ని మనవరాలికి పంపాలని పొట్లం కట్టి, స్టాంపులంటించి, గేటు దగ్గరి పోస్టు పెట్టెలో పెట్టింది. తీసుకెళ్ళమని గుర్తుగా పెట్టె పక్కనున్న ఎర్ర జెండా పైకెత్తింది. అప్పుడు ఉదయం పది. పదకొండున్నరకు పోస్ట్‌మన్ బండి ఆగకుండా వెళ్ళిపోయింది. జెండా దించే ఉందన్నాడు. ఆర్ఫా కిటికీలోంచి చూసి ఫోను చేస్తే, మధ్యాహ్నం వచ్చిన ఊరి పోలీసు పెట్టె తెరిచాడు. ఖాళీ.

భర్త మేనల్లుడు క్రెయిగ్ హాల్డెమన్ లాయరు. అత్తకు మతి తప్పిందని, పొలం అజమాయిషీ తనకివ్వాలని రాష్ట్ర కోర్టులో అప్పటికే పిటిషన్ వేశాడు. ఇప్పుడు వెతకబోయిన తీగ కాలికి తగిలింది: గడియారం తనే ఎక్కడో పెట్టి మరిచిపోయిందన్నాడు.

శుక్రవారం ఆర్ఫా వంటింట్లో నలుగురు కూర్చున్నారు. ఆర్ఫా, క్రెయిగ్, వెర్నా; నాలుగో మనిషి పోస్టు దొంగతనాలు పట్టే ఫెడరల్ అధికారి, పోస్టల్ ఇన్‌స్పెక్టర్ టెరెన్స్ ఓక్స్.

ఆర్ఫా చర్చిలో ప్రసంగాలు పట్టుకునే చిన్న రికార్డర్ నొక్కింది. ముందురోజు పట్టిన క్రెయిగ్ గొంతే. "గడియారం నా దగ్గరే ఉంది అత్తా. చెప్పుకో, ఎవరు నమ్ముతారో చూద్దాం."

క్రెయిగ్ పకపకా నవ్వాడు.

"డిటెక్టివ్ గారూ, చట్టం ఎప్పుడైనా తెరిచి చూశారా? ఈ రాష్ట్రంలో ఇద్దరూ ఒప్పుకోకుండా మాట రికార్డు చేయడమే నేరం. ఈ టేపు జడ్జి వినడు. జైలుకెళ్ళేది మా అత్త!"

"ఆవిడ మీద కేసు పెట్టనని మా ప్రాసిక్యూటర్ చెప్పాడు" అంది వెర్నా. "ఫెడరల్ కోర్టులో మాట్లాడేవాళ్ళలో ఒక్కరికి తెలిసి రికార్డు చేస్తే చాలట కదా?"

"అబ్బో, నేర్చుకున్నారే! కానీ అక్కడికి పోవాలంటే పోస్టు పెట్టెలోంచి పోయుండాలి. జెండా ఎత్తిందే లేదు. ఇంట్లో పోయిన వస్తువు రాష్ట్రం కేసు. అక్కడ మీ టేపు చెత్త."

"మంగళవారం మంచు వాన ఎప్పుడు పడింది?"

"పదిన్నరకు. అయితే?"

వెర్నా బల్ల మీద ఒక ఫొటో పెట్టింది. మధ్యాహ్నం ఊరి పోలీసు తీసింది. అందరూ దించిన జెండానే చూశారు.

"పెట్టెకంతా మంచు పెంకు కట్టింది. ఇక్కడ మాత్రం నిలువుగా ఒక గీత ఖాళీ. ఎత్తిన జెండా అడ్డమున్న చోటు. దించిన జెండా కిందా మంచే. అంటే వాన పడేటప్పుడు జెండా పైనే ఉంది. ఆగాక ఎవరో దించారు."

"అత్తే దించుంటుంది!"

"ఫొటోలోనే చూడండి, ఇంటి నుంచి గేటు దాకా మంచు పెంకు చెక్కు చెదరలేదు. దించింది రోడ్డు మీద నుంచొచ్చిన మనిషి. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడైనా పెట్టెలోంచి తీస్తే జెండా దించుతాడు. దొంగతనానికొచ్చినా మీ చెయ్యి ఊరుకోలేదు, లాయరు గారూ. ఎత్తి వదిలేసుంటే పోస్ట్‌మన్ ఆగేవాడు, ఖాళీ పెట్టె చూసేవాడు, జెండా తనే దించేవాడు. మీ ఊసే వచ్చేది కాదు."

క్రెయిగ్ ఫొటోను తన వైపు తిప్పుకుని చూశాడు.

ఓక్స్ లేచాడు. "పదండి. మా కోర్టు వీధి అవతల."

వసంతంలో క్రెయిగ్‌కు శిక్ష పడింది. పిటిషన్ కొట్టేశారు. మర్నాడు వెర్నా ఆర్ఫా తలుపు తట్టి, చేతిలో పెట్టింది ఒక గాజు పళ్ళెం, నిండా బెల్లం పాకంతో కాల్చిన పై రొట్టె.

ఆర్ఫా వేలితో అడుగు గీకింది.

"మాడ్చావు" అంది. "పళ్ళెం మాత్రం నాదే. మా ఆయన అంత్యక్రియల నాడు పట్టుకెళ్ళావు, తొమ్మిదేళ్ళ కిందట. మతిమరుపు ఎవరికే, వెర్నా?"