కుడికాలు ముందు

"డాక్టరమ్మా, మళ్ళీ కుడికాలే ముందు పెట్టారు!"

బాక్సింగ్ కోచ్ నెత్తి కొట్టుకున్నాడు. పళ్ళ డాక్టరమ్మ నాలుక కరుచుకుని కాళ్ళు మార్చుకుంది.

"కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమకాలు ముందుండాలి. ఎడమచేత్తో జాబ్, అంటే దారి చూసే చిన్న దెబ్బ. కుడిచెయ్యి గడ్డం పక్కన కాపలా. రోజూ చెప్తాను, రోజూ సరే అంటారు, మర్నాటికి మళ్ళీ మొదటికొస్తారు. అసలు పళ్ళు పీకేది ఏ చేత్తో?"

"కుడిచేత్తోనే. కావాలంటే మీ నోట్లో చూపిస్తా."

"మీరే రాలగొట్టి మీరే కట్టేట్టున్నారు. వ్యాపారం బావుంది!"

అతని నవ్వుకి ఆమె ఏనాడో ఓడిపోయింది. ఆ నవ్వు కోసమే క్లినిక్ మూసేసి అందరికంటే ముందే వచ్చి కూర్చుంటోంది. కానీ నెలాఖరుకి జిమ్ మూసేసి వేరే ఊరు వెళ్ళిపోతానని అతను నిన్ననే చెప్పేశాడు. ఈలోగా మనసులో మాట చెప్పాలి. రోజంతా అందరిచేతా నోళ్ళు తెరిపించే మనిషికి తన నోరే పెగలడం లేదు.

బయట మధ్యాహ్నమే చీకటి కమ్మేంత వాన. లోపల ఇద్దరే ఉన్నారు. గాలి ఆడకపోయినా మూలనున్న పంచింగ్ బ్యాగు మెల్లగా ఊగుతోంది. దాని గొలుసు కిర్రుమంటోంది.

"నా తప్పేం లేదు మాస్టారూ. ఆ పెద్దాయన్ని చూసి చేస్తే ఇలాగే వస్తోంది."

"ఏ పెద్దాయన?"

"మీరు రాకముందు రోజూ ఉంటారుగా! భుజాన ఎర్ర తువ్వాలు. నేను అద్దం ముందు నిలబడితే, అందులో కనిపిస్తూ చేసి చూపిస్తారు. వెనక్కి తిరిగేసరికి ఉండరు. సిగ్గరి కాబోలు."

కోచ్ మొహంలో నవ్వు పోయింది. తల దించుకునే వెళ్ళి ఆమె వెనక నిలబడి, ఎడమకాలు ముందు పెట్టాడు. "అద్దంలో నన్ను చూసి చెయ్యండి."

చేసింది. ఎడమకాలే ముందుకొచ్చింది.

అతను ఇటొచ్చి, అద్దానికి వీపు పెట్టి, ఆమెకి ఎదురుగా అలాగే నిలబడ్డాడు. "ఇప్పుడు చెయ్యండి."

ఈసారి ఆమె కుడికాలు ముందుకొచ్చింది.

"వెనకున్న మనిషిని అద్దంలో చూసి నేర్చుకుంటే కాలు మారదు," అన్నాడు. "ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తేనే మారుతుంది."

ఎదురుగా ఉన్నది అద్దం. దాని వెనక గోడ. డాక్టరమ్మ ఒకడుగు వెనక్కేసింది.

"ఆయన ముందుపన్ను సగం విరిగి ఉంది," అంది మెల్లగా. "కడతానని చెబ్దామనుకున్నా."

కోచ్ బెంచీ మీద కూలబడ్డాడు. "అది నా మొదటి పంచ్. నాకు నేర్పుతూ, కాపలా చేతులు దించి 'కొట్టరా' అన్నాడు నాన్న. ఆయన పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ ఆ అద్దంలోకి చూళ్ళేదు నేను. ఆయన లేనిచోట ఉండలేకే వెళ్ళిపోతున్నా."

"లేరని ఎవరన్నారు?" ఆమెకి భయంగానే ఉంది. అయినా ఆగలేదు. "ఇవాళ ఆయన పెదాలు కదిలాయి. నోళ్ళు చూసి బతికేదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా? 'వాణ్ణి పోనివ్వకు' అన్నారు. ఆయన అనకపోయినా నేనే అనేదాన్ని. వెళ్ళకండి. మీరంటే నాకిష్టం."

కిర్రుమంటున్న గొలుసు ఆగిపోయింది. బ్యాగు కదలకుండా నిలబడింది.

కోచ్ లేచి ఆమె పక్కకొచ్చాడు. ఏడాది తర్వాత తలెత్తి అద్దంలోకి చూశాడు. అందులో వాళ్ళిద్దరే ఉన్నారు. అతని కళ్ళు నిండిపోయాయి.

"వెళ్ళను. నాక్కూడా మీరంటే..." అంటూ ఆమె చేతికోసం చెయ్యి చాపబోయి, మొహమాటంతో సగంలో ఆగిపోయాడు.

అద్దంలో మాత్రం వాళ్ళ చేతులు అప్పటికే కలిసి ఉన్నాయి. వాటిమీద ఎర్ర తువ్వాలు కొస వేలాడుతోంది.

ఆమె వణుకుతూనే నవ్వింది.

"మామయ్యగారికి తొందరెక్కువ," అని తనే అతని చెయ్యి పట్టుకుంది.