ఎట్లుందని అడగొద్దు

ఆళ్లగడ్డలో పుల్లయ్య బియ్యం అంగడి తెరవడానికి ముందే ఆయన భార్య కమలాక్షమ్మకు ఒక పని ఉంటుంది. రాగిజావను రెండుసార్లు వడగట్టి, గోరువెచ్చగా గ్లాసులో పోసి ఆయన ముందు పెడుతుంది. పెట్టి ఎదురుగా కూర్చుని, ఆయన కుడి దవడవైపే చూస్తూ అడుగుతుంది.

"ఏమండీ, నొప్పి ఎట్లుంది?"

"ఉండాది."

"నిన్నటికంటే ఎక్కువా, తక్కువా?"

ఆ పొద్దు కూడా పుల్లయ్య కళ్లు మూసుకుని, నాలుకతో లోపలంతా తడిమి చూసుకున్నాడు. "ఎక్కువే అనిపిస్తాంది."

మూడేళ్లుగా ఇదే వరస. వడ్లగింజ కొరికి, ఎంత ఆరిందో చెప్పగల మనిషి ఆయన. ఒకనాడు అట్లా కొరికినప్పుడే దవడ కీలు పట్టేసింది. కొన్నాళ్లకు కీలు నయమైందన్నారు గానీ నొప్పి పోలేదు. నిక్షేపంలాంటి రెండు పళ్లు పీకించుకున్నాడు. పళ్లు పోయాయి, నొప్పి ఉన్నచోటే ఉంది. ఇంట్లో జొన్నరొట్టెలు మానేశారు, వేయించిన చెనిక్కాయలు మానేశారు. గట్టిగా మాట్లాడితే దవడ లాగుతుందని ఆయన మాటలు కూడా తగ్గించేశాడు.

నిన్న నంద్యాలలో ఉండే కూతురు చందన వాళ్లిద్దరినీ అక్కడి డాక్టరమ్మకు చూపించింది. లోపలికి రోగితో పాటు ఒక్కరినే రానిచ్చారు. కమలాక్షమ్మ బయట బెంచీమీదే కూర్చుండిపోయింది. చందన వాళ్లతో పాటు ఆళ్లగడ్డకు వచ్చింది గానీ, దారి పొడవునా ఏమీ చెప్పలేదు. ఇప్పుడు నోరు విప్పింది.

"అమ్మా, నాయనను నెల దినాలు మా ఇంట్లో పెట్టుకుంటా. డాక్టరమ్మ దవడకు కసరత్తు నేర్పిస్తాదంట."

"మంచిదే కదే! ఇప్పుడే గుడ్డలు సర్దుతా. నావీ, ఆయనవీ."

చందన చూపు తిప్పుకుంది. "నాయన ఒక్కడే, అమ్మా."

"ఏందీ?"

"స్కానింగులో ఏమీ లేదు. దవడ ఎప్పుడో మానిందంట. మెదడే ఇంకా భయం మానుకోలేదంట."

"మెదడా? అంటే మీ నాయన లేని నొప్పి ఉందంటాండాడా? మూడేళ్లూ నటించినాడా?"

"కాదమ్మా. నొప్పి నిజమేనని పదిసార్లు చెప్పింది. చేలో పందులు పడతాయని కావలి పెడతాం కదా. పందులు అడివికి పోయినా, కావలోడు ఆకు కదిలితే చాలు డబ్బా వాయిస్తాంటాడు. నాయన మెదడు అట్లయిందంట. చిన్న మాత్ర ఇచ్చింది. మెల్లమెల్లగా అన్నీ తినాలంది. ఇంకొకటి..." చందన గొంతు తగ్గింది. "ఇంట్లో ఎవురూ నొప్పి ఎట్లుందని అడగొద్దంది. దినానికి ఎన్నిసార్లు అడుగుతారని ఆయమ్మ అంటే, నాయన ముప్పై అన్నాడు."

"నిజం చెప్తే బాగుండదని తగ్గించి చెప్పినా," అన్నాడు పుల్లయ్య, జావ గ్లాసులోకి చూస్తూ.

కమలాక్షమ్మ లేచి నిలబడింది.

"అయితే నేనే రోగమన్నమాట! వడగట్టి వడగట్టి పోసినందుకు, రెప్ప వాల్చకుండా చూసుకున్నందుకు, నేనే ఆయనకు నొప్పి పెడతాండానా? తీసుకపో. నెల ఎందుకు, ఏడాది పెట్టుకో!"

"నీ తప్పని ఎవురూ అనలేదమ్మా..."

"ఇంకేమనాల?"

విసురుగా పెరట్లోకి వెళ్లి రోలు పక్కన కూలబడింది. కొంతసేపటికి పుల్లయ్య వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఆమె ముఖం తిప్పకుండానే అంది.

"మా నాయన కూడా దవడే పట్టుకున్నాడు. మా ఊరు బండి ఆత్మకూరులో, కళ్లం కాడ. పంటినొప్పిలే అని లవంగం చేతిలో పెట్టి నేను బస్సెక్కినా. ఇల్లు చేరేసరికే పోయినాడని కబురొచ్చింది. గుండెంట. దవడలో కూడా గుండెనొప్పి తెలుస్తాదని తర్వాతెప్పుడో పత్రికలో చదివినా. ఇంకొక్కసారి ఎట్లుంది నాయనా అని అడిగింటే..."

నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. పుల్లయ్య ఆమె చేయి పట్టుకున్నాడు.

"నా గుండె రెండుసార్లు చూసినారు కదే. ఏమీ లేదన్నారు."

"తెలుసు. తెలిసినా అడక్కుండా ఉండలేను."

"నేనూ ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. అంగట్లో బేరంలో పడితే ఒక్కోసారి గంటసేపు నొప్పి గుర్తుండదు. ఇంటికొస్తే నువ్వు అడుగుతావ్. అడిగితే యాడుందా అని వెతుకుతా. వెతికితే దొరుకుతాది. లేదంటే నువ్వు నమ్మవు, దాస్తాండానని ఇంకా భయపడతావ్. అందుకే ఉండాదంటా."

ఆమె చాలాసేపు ఏడ్చింది. ఒకరి భయం ఒకరికి తెలియకుండా, ఇద్దరూ కలిసి ఆ నొప్పిని సాకారు. ముఖం కడుక్కుని లోపలికి వెళ్లి, ఆయన గుడ్డలు మాత్రమే సంచిలో సర్దింది.

ఆ నెల ఆమే అంగట్లో కూర్చుంది. ఫోను చేసినప్పుడల్లా "నొ..." అని ఆగి, "నంద్యాలలో వానొచ్చిందా?" అనేది. నాలుగోరోజు చందన నవ్వింది. "అమ్మా, వానొస్తే మేమే చెప్తాంలే. దినానికి పదిసార్లు అడగొద్దు."

ఇరవై రెండోనాడు పుల్లయ్యే ఫోను చేశాడు.

"ఏమే! పెండ్లివాళ్లకని తీసిపెట్టిన పాతబియ్యం లింగమ్మ హోటలుకు ఇచ్చినావంట! బుద్ధుండాదా నీకు? రేపు వాళ్లొస్తే నా ముఖం యాడ పెట్టుకోవాల?"

కమలాక్షమ్మ ఫోను చెవికి దూరంగా జరిపింది. పక్క అంగడివాళ్లు కూడా తిరిగి చూశారు. మూడేళ్లుగా పెదవుల సందున నాలుగు మాటలు కూడబలికిన మనిషి ఆయన. ఇప్పుడు పెద్దగా నోరు తెరిచి, మధ్యలో దవడ అన్నది ఒకటుందనే గుర్తు లేకుండా అరుస్తున్నాడు. ఆమె ముక్కు ఎగబీల్చింది.

"పలకవేం? ఏడుస్తాండావా? ఏమైందే? అంగట్లో ఏమన్నా అయిందా? చెప్పు!"

"ఏం కాలేదండీ," అంది ఆమె, చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "మీరు తిట్టండి. ఇంకొంచెంసేపు తిట్టండి."