లాండ్రీ పైగదిలో కుర్చీ

అదిగో, ఆ లాండ్రీ పైన మూసి ఉన్న కిటికీ కనిపిస్తోందా? ఆ గదిలో చేరినవాళ్లు నిలవరని మా వీధిలో పిల్లాపాపలతో సహా అందరికీ తెలుసు.

ఊరికే వచ్చిన చెడ్డపేరు కాదది. మొదట ఒక టైలరు నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత ఒక లెక్కల మాస్టారు... కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, టేబుల్ మీద మోచేతులు ఆనించి, తెల్లారేసరికి చల్లబడిపోయి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. గుండె ఆగిపోయిందన్నారు. గుండె ఆగకుండా ఎవరు పోతారు చెప్పండి!

మాస్టారి బంధువులు వచ్చి పుస్తకాలు, బట్టలు సర్దుకెళ్లారు. కుర్చీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీ... మీట నొక్కితే పైకీ కిందికీ కదిలే రకం. టేబుల్ ముందు అలాగే ఉండిపోయింది.

సరిగ్గా ఆ గదిలోనే మా స్క్రూడ్రైవర్ తన బావమరిదిని చేర్చాడు.

స్క్రూడ్రైవర్ అంటే నా పక్క షాపువాడు. కంప్యూటర్లు బిగిస్తాడు, బాగుచేస్తాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. దెయ్యం అన్న మాట వినబడితే చాలు, "ఏదీ, దాని ప్లగ్గు ఎక్కడుందో చూపించు" అంటాడు. ఇదంతా అతను నాకు చెప్పిందే. నా కళ్లతో చూసింది చివరి ముక్క ఒక్కటే.

"ఏమండీ, వాడికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అని భార్య అడిగిందట. తల్లి పోయాక తమ్ముణ్ని ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె.

"చచ్చినవాళ్లు మంచంలో వాటా అడగరులే" అన్నాడట ఇతను.

కుర్రాడికి పగలు గోడౌన్లో పని, రాత్రి కంప్యూటర్లో ఆట. వాడికోసం బావ కొత్త కంప్యూటర్ తయారుచేశాడు. ప్రతి ముక్కా తనే ఏరి, తనే బిగించాడు. మొదట్లో బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక రాత్రి ఫోన్...

"బావా... స్క్రీన్ నల్లబడిపోయింది."

"ఆపి మళ్లీ వెయ్యి."

"పెట్టె ఆగలేదు బావా. లోపల ఆట నడుస్తూనే ఉంది. తుపాకుల చప్పుడు వినబడుతోంది... కనబడటమే లేదు."

గదిలో సిగ్నల్ అందదు. ఫోన్ చేయాలంటే వాడు తలుపు తీసుకుని మెట్ల మీదికి రావాల్సిందే. అక్కడ నిలబడి, ఆయాసపడుతూ మాట్లాడాడట.

"వేడెక్కుతోందేమో. తలుపు తీసే ఉంచి పడుకో, గాలాడుతుంది" అన్నాడు బావ.

అక్కడినుంచి మొదలైంది ఇతని వేట. గ్రాఫిక్స్ కార్డు మార్చాడు. పవర్ సప్లై మార్చాడు. కేబుళ్లు మార్చాడు, మానిటరే మార్చాడు. పెట్టెను షాపుకు మోసుకొచ్చి పొద్దస్తమానం అదే ఆట ఆడించాడు. స్క్రీన్ రెప్ప కూడా వాల్చలేదు! గదికి తీసుకెళ్తే ఒకటి రెండు రాత్రులు బుద్ధిగా ఉండేది. హమ్మయ్య అనుకునేలోపు... మళ్లీ చీకటి. మళ్లీ మెట్ల మీదినుంచి ఫోన్.

కుర్రాడు చిక్కిపోయాడు. తలనొప్పి. వాంతులు. కళ్లు లోపలికి పోయాయి.

"వాణ్ని ఏదో పీల్చేస్తోందండీ" అని అక్క గుడ్లనీరు కుక్కుకుంది. "ఇంటికి తెచ్చేయండి. నాకున్నది వాడొక్కడే."

"తెల్లవార్లూ స్క్రీన్ కేసి చూస్తూ కూర్చుంటే తలనొప్పి రాక తబలా వస్తుందా? నేను బిగించిన పెట్టె దెయ్యానికి లొంగిందని వీధంతా నవ్వాలా? కొన్నాళ్లు ఓపిక పట్టు."

ఆమెకు తమ్ముడు దక్కితే చాలు. ఇతనికి కారణం దొరకాలి. ఇతని మాటే నెగ్గింది.

ఒక సాయంత్రం కుర్రాడు పనిలో ఉండగా ఇతనొక్కడే ఆ గదికి వెళ్లాడు. టేబుల్ ముందున్న ఆ కుర్చీలోనే కూర్చుని ఆట పెట్టాడు. ఎంతసేపు చూసినా ఏమీ కాలేదు. గోడకు చేరబడితే చొక్కాకి నల్లగా మసి అంటింది. తిట్టుకుని, దులుపుకుని, నీళ్లు తాగుదామని లేచాడు...

స్క్రీన్ ఆరిపోయింది.

పెట్టె ఆపి, మళ్లీ వేశాడు. కూర్చున్నాడు. వెలుగుతూనే ఉంది. లేచాడు. నల్లబడింది! మళ్లీ కూర్చుని లేచాడు. మళ్లీ అంతే. ఒంటరిగా ఆ గదిలో పగలబడి నవ్వాడట.

ఆ రకం కుర్చీలోంచి మనిషి బరువు లేచినప్పుడు, ఉన్ని స్వెట్టరు విప్పేటప్పుడు చిటపటమంటుందే, అలా కాస్త కరెంటు పుడుతుందట. పక్కనున్న కేబుల్ దాన్ని అందుకుంటే స్క్రీన్ ఆరిపోతుందట. కూర్చున్నంతసేపూ ఏమీ కాదు. లేస్తేనే.

"కొండను తవ్వి ఎలుకను పట్టాన్రా!" అన్నాడు కుర్రాడు రాగానే. "దెయ్యం ఈ కుర్చీలో ఉంది. షాపుకు తీసుకెళ్తున్నా."

"కుర్చీయా?" కుర్రాడు ఏదో అనబోయాడు. ఆగిపోయాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు బావా."

"ఇక తలుపేసుకుని హాయిగా ఆడుకో."

ఆ రాత్రి ఫోన్ రాలేదు. బావ కాళ్లు చాపుకుని నిద్రపోయాడు. అక్కకు మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే మొగుణ్ని లేపి లాక్కెళ్లింది.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపలినుంచి తుపాకుల చప్పుడు... ఆట నడుస్తోంది.

"తమ్ముడూ..."

పలకలేదు. తలుపు బద్దలు కొట్టారు. స్క్రీన్ ధగధగా వెలుగుతోంది. రాత్రంతా ఒక్కసారి కూడా ఆరినట్టు లేదు. కుర్రాడు మంచం మీద, గోడకు చేరబడి, మెడ వాల్చేసి ఉన్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న — "ఆ గది దగ్గర ఏం మండిస్తారు?"

కింద లాండ్రీవాళ్లు, బట్టలు ఎక్కువ పడిన రోజుల్లో, రాత్రిపూట బాయిలర్ వేస్తారు. దాని పొగగొట్టం ఆ గది గోడలోంచే పైకి పోతుంది. లోపలెక్కడో పగిలింది. వాసన లేని విషవాయువు మెల్లగా గదిలో నిండుతుంది. టైలరు పోయింది దానివల్లే. మాస్టారు పోయిందీ దానివల్లే. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. విన్నప్పుడు నేనూ హమ్మయ్య అనుకున్నాను.

కుర్రాడు బతికాడు. కళ్లు తెరిచి మాట్లాడగలిగిన రోజు, గొణుగుతున్నట్టు అడిగాడట.

"బావా... ఆ కుర్చీ ఎందుకు తీసేశావు?"

"అదే కదరా స్క్రీన్ ఆర్పుతోంది. నువ్వు లేచినప్పుడల్లా..."

"నేను దాంట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు."

"ఏంటీ?"

"మాస్టారు పోయిన కుర్చీ కదా, భయమేసింది. నువ్వు నవ్వుతావని చెప్పలేదు. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని మంచం మీదినుంచే ఆడేవాణ్ని... కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది బావా."

బావ అన్నీ విప్పి చూశాడు. కార్డు మార్చాడు, కేబుల్ మార్చాడు, మానిటర్ మార్చాడు... నువ్వెక్కడ కూర్చుంటావురా అని మాత్రం అడగలేదు.

లాండ్రీవాళ్లను పిలిచి కనుక్కున్నాడు. బాయిలర్ వేసిన రాత్రుల్లోనే స్క్రీన్ ఆరింది. విషం గదిలోకి రాగానే ఆ ఖాళీ కుర్చీలోంచి ఎవరో లేచేవారు. కుర్రాడు విసుక్కుంటూ తలుపు తీసుకుని మెట్ల మీదికి వచ్చేవాడు... బతికేవాడు. వాణ్ని లేపే మనిషిని ఇతను షాపుకు మోసుకొచ్చేశాడు. నాకు చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడండీ, అంత మొండి మనిషి.

ఆ కుర్చీ అతని షాపులోనే, మూలన ఉంది. పారేయడు. ఎవరినీ కూర్చోనివ్వడు.

ఇక నేను చూసిన ముక్క. ఇందాక అతనితో మాట్లాడుతున్నాను. ఇద్దరం కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నాం. మూలన కుర్చీ ఖాళీగా ఉంది. ఉన్నట్టుండి అతని స్క్రీన్... నల్లబడింది.

"కేబుల్ చూడవయ్యా" అన్నాను.

అతను కేబుల్ చూడలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"బయటికి" అన్నాడు గుసగుసగా.

అడుగో, ఆ రోడ్డుకు అవతల నిలబడ్డాడే, అతనే. ఏం జరగబోతోందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. మా రెండు షాపులకూ గోడ ఒకటే. అందుకే మీరు వచ్చిన దగ్గర్నుంచీ లోపలికి రమ్మనకుండా ఇలా రోడ్డు మీదే నిలబెట్టి మాట్లాడుతున్నాను.