కివీ పండు మీద నింద

"బొచ్చుండేదాన్ని పండంటారేమే ఎవురన్నా?"

బుధవారం పొద్దున్నే ఓబళప్ప ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పెరుగు గిన్నె పక్కన పళ్ళెంలో కివీ పండ్లు ఉన్నాయి.

"తలుపు మూసి మాట్లాడండి. చల్లదనమంతా పోతాది," అంది సావిత్రమ్మ. "తొక్క తీస్తే లోపల పచ్చగా ఎంత బాగుంటాదో!"

"ఎలుకపిల్లల మాదిరి ఉండాయి. పెరుగు పక్కన పెట్టేది ఏం పద్ధతి?"

"పెరుగు మీద మూత తీసేది ఎవురు? తీసినాక పెట్టనిది ఎవురు?"

తగవు కివీ నుంచి మూత మీదికి పోయిందని తెలిసి ఓబళప్ప దాన్ని మళ్ళీ దారికి తెచ్చాడు. "ఈ పండు తినే రాగికి నిన్నటి నుంచి మోషన్స్!"

రాగి వాళ్ళ నాటు కుక్క. రాగిపిండి రంగు. తన కడుపు గురించి ఇంత చర్చ జరుగుతున్నా డైనింగ్ టేబుల్ కింద హాయిగా పడుకుంది.

"నాన్నా, డాక్టరు చెప్పింది కదా," అంటూ వాళ్ళమ్మాయి కిరణ్మయి లాప్‌టాప్ వదిలి వచ్చింది. "తొక్క తీసి, చిన్న ముక్కలు చేసి, ఎప్పుడో ఒకసారి రెండు మూడు పెడితే ఏం కాదు. పండంతా అట్లాగే పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. ఎక్కువ పెడితే కడుపు పాడవుతుంది. అమ్మ చింతగింజంత ముక్కలు కోస్తుంది, అదీ రెండే."

"ఆ పండ్లు తెచ్చిందెవురు?"

తెచ్చింది మూడో అంతస్తు దామోదర్ అని ఇంట్లో అందరికీ తెలుసు. పక్కనే మహదేవపురలో ఉద్యోగం, పాలమూరు వాళ్ళ అబ్బాయి. ఆరు నెలల కిందట ఒక వానరోజు లిఫ్టులో రాగి అతని బ్యాగులోకి తల మొత్తం దూర్చింది.

"మీ కుక్కకు మ్యానర్స్ లేవా?" అన్నాడతను.

"మీ బ్యాగుకు జిప్ లేదా?" అంది కిరణ్మయి.

నిన్నగాక మొన్న దామోదర్ వాళ్ళమ్మ ఫోన్ చేసి పిల్లనిమ్మని అడిగింది. ఆదివారం చెప్తానన్నాడు ఓబళప్ప.

"కుక్కకు ఏం పెట్టాలో తెలీనోనికి పిల్లను ఎట్లిచ్చేది?" అన్నాడిప్పుడు. "వినండి. ఈ రోజు నుంచి కివీ బంద్. ఆదివారానికి రాగి కడుపు బాగయిందంటే తప్పు ఈ పండుదే. పండుది తప్పంటే తెచ్చినోనిదీ తప్పే. సంబంధం వద్దు. బాగు కాలేదంటే పండుకు పాపం లేదు. ముహూర్తం చూపిద్దాం."

డిగ్రీ చదివిన ముగ్గురు మనుషులున్న ఇంట్లో ఈ చట్టానికి ఒక్క సవరణ కూడా రాలేదు. సావిత్రమ్మ గోడ క్యాలెండర్‌లో రాహుకాలం కింద చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది: బుధవారం, పలచన. గురువారం పొద్దున, పలచనే.

రాగి కడుపు ఇంకో నాలుగు రోజులు ఇట్లాగే ఉండాలని కిరణ్మయి కోరుకుంది. కోరుకున్న వెంటనే సిగ్గుపడి, దానికి పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది.

గురువారం సాయంత్రం టెర్రస్ మీద తుంపర పడుతోంది. ఆరిన బట్టలు తీస్తూ కిరణ్మయి దామోదర్‌కు అంతా చెప్పింది.

"అంటే మన పెండ్లి రాగి మోషన్ మీద నిలబడ్డదా?" అన్నాడు దామోదర్. "ఫౌండేషన్ అంత స్ట్రాంగ్ లేదు."

"నవ్వితే ఈ టవల్‌తో కొడతా. వచ్చి నాన్నతో ఒక్క మాట వాదించొచ్చు కదా!"

"వాదించుడు తర్వాత. ఫస్ట్ దానికి నయం కావాలె."

"నయమైతే మన పని అయిపోయినట్టే, మొద్దూ!"

అతను కింద వీధిలోకి చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేశాడు. "కిరణ్, నాకో చిన్న పని ఉంది. పోయొస్త."

"ఇప్పుడా? వానలోనా?"

అప్పటికే మెట్లు దిగుతున్నాడు. టవల్ వెనక నుంచి వచ్చి అతని వీపుకు తగిలింది.

వీధి మలుపులో సోమవారమే కొత్తగా పెట్టిన బొబ్బట్ల బండి ఉంది; ఇక్కడ ఒబ్బట్లంటారు. దాని పక్కన, గొడుగు కింద ఓబళప్ప. చేతిలో ఆకు, ఆకులో వేడి ఒబ్బట్టు, పైన నెయ్యి. సగం తన నోట్లో, సగం రాగి నోట్లో. ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి. ఇంట్లో తీపి అన్నది దేవుడి అలమారులో తాళం వెనక ఉంటుంది.

"అంకుల్."

ఓబళప్ప నమలకుండానే మింగాడు. "వాకింగ్‌కొచ్చినానప్పా."

"కనపడుతుంది."

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు. చెప్ప గూడ చెప్ప. గని రాగికి పెట్టకుండ్రి అంకుల్. ఈ నెయ్యి, బెల్లం దాని కడుపుకు పడతలేవు."

ఓబళప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. "నేను పెట్టేది ఆపితే దీనికి బాగైపోతాది. బాగైతే నింద నీ పండు మీద పడతాది. సంబంధం తప్పిపోతాది. తెలుస్తాండాదా నీకు?"

"తెలుసు. అయినా ఆపుండ్రి. మీరు గూడ."

"నేను గూడనా?" ఓబళప్పకు అసలు దెబ్బ అక్కడ తగిలింది.

ఆదివారం పొద్దున సావిత్రమ్మ క్యాలెండర్ మీద 'గట్టి' అని రాసింది. ఆ ఒక్క మాట చదివి కిరణ్మయి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అలాంటి మాటకు ఏడ్చిన పిల్ల వాళ్ళుండే హూడి మొత్తంలో ఇంకొకరు ఉండరు.

మధ్యాహ్నం దామోదర్‌ను భోజనానికి పిలిచారు. పిలిచి కాదనడం మర్యాద అని ఓబళప్ప అభిప్రాయం. ఆ ఇంట్లో పెద్ద మాటలన్నీ చారన్నం దగ్గరే వస్తాయి. ఫ్లాట్ కొనడం, కిరణ్మయి కాలేజీ, అన్నీ అక్కడే తేలాయి. పప్పన్నం అయింది.

సావిత్రమ్మ చారు పోసింది. "తేలిపోయింది కదా. చెప్పాల్సింది చెప్పేయండి."

ఓబళప్ప దామోదర్ వైపు చూశాడు. అతను తల వంచుకుని బీన్స్ తాలింపు తింటున్నాడు. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని ఓబళప్ప కాసేపు ఆగాడు. అనలేదు.

"సావిత్రీ, పండుది తప్పు లేదు. సోమవారం నుంచి మొన్న గురువారం దాకా నేనూ రాగీ ఒబ్బట్లు తిన్నాము."

గరిటె గాలిలో ఆగింది.

"నెయ్యితోనా?"

"పైన కొంచెం."

"కొంచెమంటే?"

"కారేంత."

సావిత్రమ్మ దామోదర్ వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"గురువారం సంది, ఆంటీ."

"తెలిసీ నోరు మూసుకున్నావా!" కిరణ్మయి టేబుల్ కింద కాలితో తన్నింది. అది ఓబళప్పకు తగిలింది.

"అబ్బా! నన్ను తన్నినా సరే, వాన్ని ఏమనొద్దు," అన్నాడు ఓబళప్ప మోకాలు రుద్దుకుంటూ. "నా గుట్టు బయటపెట్టింటే గెలిచేవాడు. పెట్టలేదు. కుక్క కడుపు బాగుంటే చాలని తన పెండ్లే వదులుకునేదానికి కూర్చున్నాడు. సాయంత్రం వాళ్ళమ్మకు ఫోన్ చేస్తా. శ్రావణంలో ముహూర్తం. విస్తరిలో ఒబ్బట్టు అందరికీ వేయండి, నాకు మాత్రం వద్దు."

దామోదర్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. కిరణ్మయి అమ్మ చేతిలోని గరిటె తీసుకుని అతని కంచంలో చారు పోసింది, పొంగి పొర్లేదాకా.

సావిత్రమ్మ చారు గిన్నె మీద మూత పెట్టి తన తీర్పు చెప్పింది.

"పెండ్లి రోజు మీకు ఒకటి. నెయ్యి లేకుండా."